నాలుకమ్మ రుచి చూడని బిళ్ళ

ఏ దేశానికైనా తపాలా బిళ్ళల చరిత్ర రాసేవాళ్ళు ముందువైపు చూసి రాస్తారు. బిళ్ళ మీద ఎవరి తల ఉంది, ఏ రంగులో ఉంది, అంచు చుట్టూ ఎన్ని రంపపు పళ్ళున్నాయి, ఇదే గోల. నాలుకమ్మకి మాత్రం తన దేశపు బిళ్ళల చరిత్రంతా వెనకవైపు నుంచి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు వాటి వీపులు నాకి బతికిన మనిషి మరి.

"నాకడం" అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "రుచి చూడడం" అనాలి. అచ్చాఫీసు రికార్డులో ఆవిడ ఉద్యోగం పేరు "సహాయకురాలు, మూడో తరగతి, జిగురు విభాగం" అని ఉండేది. అది ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెళ్ళి కుదిరే ముందు కాబోయే అత్తగారు "అమ్మాయి ఏం పని చేస్తుంది?" అని అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాని తండ్రి "నాలుకతో పనండీ" అన్నాడు. ఆ మాటకి అత్తగారు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గయ్యాళి కోడలు వస్తోందనుకుంది పాపం.

పని మాత్రం తేలికైంది కాదు. జిగురు గదిలో పెద్ద గంగాళంలో జిగురు కాచేవాళ్ళు. అచ్చయిన కాగితాల వెనక దాన్ని రోలర్లతో పూసి, వేడిగాలికి ఆరబెట్టి, గంగాళం కాచిన ప్రతి కాపుకీ ఒక్కో పట్టీ కత్తిరించి ఆవిడ బల్ల మీద పెట్టేవాళ్ళు. బల్ల మీద ఒక గ్లాసుడు నీళ్ళు, కొన్ని ఖాళీ కవర్లు, ఒక రిజిస్టరు. ఆవిడ పట్టీ అంచుని నాలుక కొసకి ఆనించి కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ గదిలో ఎవరూ దగ్గేవాళ్ళు కాదు. తర్వాత రిజిస్టర్లో "సరే" అనో "కాదు" అనో రాసేది. రూల్ ప్రకారం ఆ పట్టీని కవరుకి అతికించి, ఓ గంట ఆగి, గోటితో లాగి చూడాలి. నాలుకమ్మ వచ్చిన రెండో ఏడాదికే ఆ గంట ఆగడం మానేశారు. ఆవిడ సరే అన్న జిగురు ఊడింది లేదు, కాదన్నది నిలిచింది లేదు. ఇంక కవరెందుకు?

ఆ నాలుకని ఆవిడ పసిబిడ్డలా చూసుకునేది. పనిరోజుల్లో కారం ముట్టేది కాదు. విందులకి వెళితే ఒక మూల కూర్చుని చప్పటి అన్నం తినేది. చూసినవాళ్ళు ఏదో జబ్బనుకుని జాలిపడి మందులు చెప్పేవాళ్ళు.

చేరిన కొత్తలో పాత నమూనాల సొరుగు తెరిచి పాఠం చెప్పారు. మొట్టమొదటి బిళ్ళలు రాజుగారి గడ్డంతో అచ్చయినవి, కత్తెరతో కత్తిరించుకోవాల్సినవి. వాటి వెనక చెట్టుబంక, నోరు లాక్కుపోయే వగరు. తర్వాత చింపుకోవడానికి వీలుగా చిల్లులు వచ్చాయి, బంక కాస్త పలచనైంది. రాజు పోయి కొత్త జెండా ఎగిరినప్పుడు కొత్త బిళ్ళలు అచ్చేసే తీరిక లేక, ఉన్న బిళ్ళల మీదే రాజుగారి ముక్కు మీదుగా నల్లగీత కొట్టి, పక్కన దేశం కొత్త పేరు అచ్చేశారు. "ముందువైపు రాజు పోయాడు గానీ, వెనకవైపు మాత్రం పోలేదు. మూడేళ్ళు అదే వగరు" అనేది నాలుకమ్మ. యుద్ధం రోజుల్లో జిగురే కరువు. తపాలా ఆఫీసులో గిన్నెడు పిండి ఉడకేసి, కుంచె పెట్టి, మీరే పూసుకోండన్నారు. వాటిని ఆవిడ "మూగ బిళ్ళలు" అనేది. ఆ తర్వాత ఓడలు, పూలు, వంతెనలు. బంక పోయి గంజి జిగురొచ్చింది, కాస్త తీపి. ఒక ఏడాది ఎవరికో బుద్ధి పుట్టి పుదీనా వాసన కలిపారు. పిల్లలు ఉత్తరాలు రాయకుండా బిళ్ళలు మాత్రం ఖర్చు చేసేస్తున్నారని ఆపేశారు. చివరికి ఒలిచి అతికించే బిళ్ళలు వచ్చాయి. వాటికి నాలుక అక్కర్లేదు. నాలుకమ్మకి శాలువా కప్పి ఇంటికి పంపించేశారు.

ఇంత చరిత్రలోనూ ఆవిడ పలకని పేజీ ఒకటుంది. అది పిట్టల వరస.

నలభై ఏళ్ళ కిందటి మాట. పన్నెండు పిట్టలు, పన్నెండు రంగులు, దేశమంతా ఎదురుచూసిన బిళ్ళలు. అప్పట్లో జిగురు కాచేది మేస్త్రి. చేతులు పొడుగు, మాట పొట్టి. గంగాళం పక్కన తెడ్డు పట్టుకుని నిలబడితే కదిలేవాడు కాదు. ఆ ఏడాది మాత్రం కదలడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్న ఒక గ్లాసు టీ పట్టుకుని నాలుకమ్మ బల్ల దగ్గరికి వచ్చి, పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. అచ్చాఫీసంతా అది చూసింది. వాళ్ళిద్దరే ఎవరూ చూడలేదనుకున్నారు.

పిట్టల బిళ్ళలు విడుదలైన వారానికి రాలడం మొదలుపెట్టాయి. పెట్టెల్లో రాలాయి, సంచుల్లో రాలాయి, ఉత్తరాలు వేరుచేసే బల్లల కింద రాలాయి. తపాలా ఆఫీసుల్లో పిట్టల్ని చీపుళ్ళతో ఊడ్చారు. బిళ్ళ లేని ఉత్తరాలు గుట్టలుగా వెనక్కి వచ్చాయి. మిగిలినవి వెనక్కి తెప్పించి గుజ్జు చేసేశారు. విచారణ పెట్టారు. పెద్దసారు ఇంకా నోరు తెరవకముందే మేస్త్రి లేచి, "తప్పు నాదేనండీ" అన్నాడు. అంతే, అయిపోయింది. ఆయన్ని కాగితాల గోదాములో వేశారు. మళ్ళీ జన్మలో తెడ్డు పట్టుకోలేదు. నాలుకని ఎవరూ ఏమీ అడగలేదు.

మరుసటి ఏడాది వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

ఆ పెళ్ళి గురించి చుట్టుపక్కల అందరూ వింతగా చెప్పుకునేవాళ్ళు. పోట్లాట లేని ఇల్లు. ఆయన ఫ్యాను పెంచమంటే ఆవిడ దుప్పటి కప్పుకుని పెంచేది. ఆవిడ గోడలకి వంకాయరంగు వేయిద్దామంటే ఆయన కళ్ళు మూసుకుని సరేననేవాడు. గుమ్మం దగ్గర "ముందు మీరు", "కాదు నువ్వు" అని ఇద్దరూ ఆగిపోతే వెనకవచ్చే చుట్టాలు వానలో తడిసేవాళ్ళు. నాలుకమ్మ మనసులో సంగతి ఒకటే. ఈ మనిషి నా తప్పు తన నెత్తిన వేసుకుని, ఇష్టమైన పని పోగొట్టుకుని, ఒక్కసారైనా ఎత్తిపొడవలేదు. ఇలాంటి మనిషితో ఫ్యాను కోసం పోట్లాడడమా?

ఈ సుఖం ఒక కాగితం వల్ల చెడింది.

తపాలా శాఖవారు దేశపు బిళ్ళల చరిత్రని పుస్తకంగా వేస్తున్నారు. పుస్తకం పని చూసే మ్యూజియం అమ్మాయి నాలుకమ్మ దగ్గరికి నాలుగుసార్లు వచ్చి, వగరు నుంచి పుదీనా దాకా అన్నీ రాసుకుపోయింది. తర్వాత, "తప్పులుంటే చూడండమ్మా, సోమవారం అచ్చుకి వెళ్ళిపోతుంది" అని కాగితాలు పంపింది. ఆ వేళకి ఆడపడుచు ఇంట్లోనే ఉంది. ఆవిడకి కళ్ళజోడు అక్కర్లేదు, మొహమాటమూ అక్కర్లేదు. కాగితాలు లాక్కుని పైకి చదివింది.

"వినండి. 'పిట్టల వరస బిళ్ళలు రాలిపోవడానికి జిగురు కాచే మేస్త్రి నిర్లక్ష్యమే కారణమని విచారణలో తేలింది.' ఏమిటిది వదినా? పేరొక్కటే తక్కువ! ఆ ఆఫీసులో ఎంతమంది మేస్త్రీలున్నారు గనక? దేశం చరిత్రలో మా ఇంటివాడు ఒక్కడెక్కాడనుకుంటే, ఇలాగా ఎక్కడం!"

"వదిలెయ్యవే. నిజమేగా" అన్నాడు మేస్త్రి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఏం నిజం? నువ్వెప్పుడన్నా పాలు పొంగనిచ్చావా అన్నయ్యా? మా అమ్మ పొయ్యి మీద ఏదన్నా పెడితే నిన్నే కాపలా పెట్టేది!"

నాలుకమ్మ గ్లాసులు తీసి లోపలికి వెళ్ళి, కడిగినవే మళ్ళీ కడిగింది. నలభై ఏళ్ళు ఇంట్లోనే అణిగి ఉన్న అబద్ధం ఇప్పుడు పుస్తకంలోకి వెళుతోంది. తను నోరు తెరవడానికి సోమవారం దాకా గడువుంది. ఇవాళ శుక్రవారం. పైట సవరించుకుని బయటికొచ్చింది.

"ఏమండీ, నేను మ్యూజియందాకా వెళ్ళొస్తా."

"ఎందుకూ?"

"పనుంది."

మేస్త్రి మొహంలో రంగు మారింది. "వద్దు. ఎండగా ఉంది."

"గొడుగుంది."

"నీకు మోకాళ్ళ నొప్పి."

"బస్సుకి లేవుగా మోకాళ్ళు."

ఆవిడ ఆయన మాట కాదనడం అదే మొదటిసారి. ఆయన కంగారులో రెండు కాళ్ళకీ వేర్వేరు చెప్పులు వేసుకుని వెనకాలే బయలుదేరాడు. ఆడపడుచు గుమ్మంలో నిలబడి, "ఏం జరిగిందో వచ్చాక నాకు చెప్పాలి!" అని అరిచింది.

మ్యూజియం అమ్మాయి గది మూడో అంతస్తులో ఉంది. నిండా సొరుగులు, చీటీలు, చిన్న చిన్న పట్టకార్లు. ఇద్దరూ ఆయాసపడుతూ లోపలికి రాగానే అమ్మాయి కుర్చీలు లాగింది. నాలుకమ్మ కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం కూడా కూలబడుతుందని ఆవిడ భయం.

"అమ్మాయ్, ఆ పిట్టల ముక్క మార్చాలి. తప్పు మేస్త్రిగారిది కాదు, నాది. ఆ రోజు నా నాలుక కాలింది."

"కాలిందా?"

"టీ. తనిఖీ ఆయన వస్తున్నాడని కంగారులో ఒక్క గుక్కలో తాగేశా. నాలుక బండబారిపోయింది. పట్టీ పెట్టుకుంటే కాగితం ఉందో లేదో కూడా తెలీలేదు. చెప్తే నవ్వుతారని సిగ్గేసి, మేస్త్రిగారి జిగురు ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా అని 'సరే' అని రాసేశా. కవరు పరీక్ష ఎలాగూ ఎవరూ చెయ్యరు. మధ్యాహ్నానికల్లా బండిలో వెళ్ళిపోయాయి."

గోడకి ఆనుకుని నిలబడ్డ మేస్త్రి ఒక్కసారి నిటారుగా అయ్యాడు. "కాలిందా? నీ నాలుకా?"

"మీకు తెలీదా? తెలిసే కదా ఆ రోజు నా కోసం లేచి..."

"నాకేం తెలుసు! నేను..." ఆయన ఆగిపోయాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు. "అలా ఏం లేదమ్మా. ఈవిడ మాట పట్టించుకోకండి. పెద్దతనం. తప్పు నాదే. ఉన్నది ఉన్నట్టు అచ్చెయ్యండి."

"మీరూరుకోండి!"

"నువ్వూరుకో!"

మ్యూజియం అమ్మాయి కలం ఎత్తి ఇద్దరి మధ్యా పట్టుకుంది. "తాతగారూ, అమ్మగారూ, ఒక్క నిమిషం. నాకు ఒక వాక్యం కావాలి. ఎవరి తప్పు? విచారణ కాగితాల్లో తాతగారు ఒప్పుకున్నారని తప్ప ఇంకేమీ లేదు. జిగురు నిజంగా బాగోలేదా, బాగానే ఉండి కాగితానికి పట్టలేదా, ఎవరూ పరీక్షించలేదు. ఇప్పుడెలా తెలుస్తుంది?"

నాలుకమ్మ సొరుగుల వైపు చూసింది. "ఆ బిళ్ళలు మీ దగ్గర ఉన్నాయా?"

"ఆరున్నాయి. వాడనివి. వెనక జిగురు చెక్కుచెదరకుండా... " అమ్మాయి సగంలో ఆగింది. ఆవిడ ఏమడగబోతోందో అర్థమైంది. "అమ్మగారూ, వద్దు. దేశం మొత్తానికి అవే మిగిలాయి!"

"ఆరింటిలో ఒకటి."

"నా ఉద్యోగం పోతుంది."

"నేను కొరకను తల్లీ. అంచు చాలు. నలభై ఏళ్ళుగా నాకు తెలీదు. ఆ జిగురు బాగుంటే ఈయన తప్పేమీ లేదు, ఊరికే గోదాములో మగ్గారు. బాగోకపోతే నేను ఆపాల్సింది. అది నేను తప్ప ఇంకెవరూ చెప్పలేరు. నేను పోయాక ఎవరూ చెప్పలేరు."

అమ్మాయి వెళ్ళి తలుపు గడియ వేసింది. సొరుగు లాగి, మూల చిరిగిన ఒక నీలం పిట్టని పట్టకారుతో తీసింది. "ఇది ఎలాగూ ప్రదర్శనకి పెట్టేది కాదు" అని తనకి తనే చెప్పుకుంది.

నాలుకమ్మ పక్కనున్న సీసాలోని నీళ్ళతో నోరు పుక్కిలించింది. కళ్ళజోడు తీసి పైటకొంగుకి కట్టుకుంది. అంచు నాలుకకి ఆనించి కళ్ళు మూసుకుంది.

మేస్త్రికి దగ్గొచ్చింది. మింగేశాడు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది. "గంజి మంచిదే. మొదటి పాళ్ళు సరిపోయాయి. కానీ... మాడు. కాస్త మాడు ఉంది. అడుగంటింది." కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. "అడుగంటాక నీళ్ళు పోశారు. చల్లనీళ్ళు. కలవలేదు, విడివిడిగా ఉంది." కళ్ళు తెరిచి మొగుడి వైపు చూసింది. "గంగాళం వదిలేసి ఎక్కడికెళ్ళారు?"

మేస్త్రి వేర్వేరు చెప్పుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళానంటే... టీ తీసుకురావడానికి. ఆ రోజు మన క్యాంటీన్ మూసేశారు. వీధి చివరిదాకా వెళ్ళాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి అడుగుపట్టింది. పారబోస్తే పిట్టలు ఆగిపోతాయి. ఒక చెంబుడు నీళ్ళు పోసి కలిపేశా."

"చెంబుడా?"

"చెంబున్నర."

"ఏమండీ!"

"సరే, రెండు బకెట్లు. అయినా భయపడలేదు నేను. బాగోకపోతే నువ్వు పట్టేస్తావుగా అనుకున్నా. నీ చేతికి పట్టీ వెళ్ళడం చూశా. నువ్వు కళ్ళు మూసుకోవడం చూశా. 'సరే' అని రాశావు." ఆయన గొంతు చిన్నదైంది. "నీకు తెలిసిపోయిందనుకున్నా. తెలిసి, నా పరువు పోకూడదని, నీ నాలుక చేత మొదటిసారి అబద్ధం ఆడించావనుకున్నా. అందుకే పెద్దసారు నోరు తెరిచేలోపు లేచా. నిన్ను అడిగితే నీకు అబద్ధం చేతకాదు. ఇన్నేళ్ళూ అదే తల్చుకుంటూ... వంకాయరంగు గోడలకి కూడా..."

మ్యూజియం అమ్మాయి గోడవైపు తిరిగి, లేని బొమ్మేదో చూస్తున్నట్టు నిలబడింది.

నాలుకమ్మ ఇప్పుడు కూర్చుంది. నలభై ఏళ్ళుగా ఆవిడ ఈయనకి రుణపడి ఉంది. ఈయన ఆవిడకి రుణపడి ఉన్నాడు. ఇద్దరిలో ఎవరూ ఎవరి కోసమూ ఏమీ చెయ్యలేదు. ఒకరు టీ తెచ్చారు, ఒకరు తాగారు. ఆపైన ఈయన జిగురు చెడదని ఆవిడా, ఆవిడ నాలుక తప్పదని ఈయనా నమ్మేసి, దేశం మీదికి పిట్టల్ని వదిలేశారు.

"అయితే..." మేస్త్రి చిన్నపిల్లాడిలా అడిగాడు. "నా కోసం కాదన్నమాట."

ఆవిడ కొంగు ముడి విప్పి కళ్ళజోడు పెట్టుకుంది. "రుచి తెలిసుంటే ఆపేసేదాన్ని" అంది. ఆ మాటని తనే ఒకసారి రుచి చూసుకుంది. ఆవిడ ఏదీ నోటికొచ్చినట్టు చెప్పే మనిషి కాదు. "ఏమో. రోజూ టీ పెట్టి, ఒక్క మాటైనా అనకుండా పోయేవారు. ఆ రోజు ఆ మాడు నా నాలుకకి తెలిసుంటే ఏం రాసేదాన్నో, ఇప్పుడు గట్టిగా చెప్పలేను."

మేస్త్రి ఆ మాటని జేబులో వేసుకున్నట్టు తల ఊపి, పక్క కుర్చీలో కూర్చున్నాడు.

వాక్యం రాయడానికి గంట పట్టింది. అమ్మాయి "మేస్త్రి, పరీక్షకురాలు, ఇద్దరి పొరపాటు వల్ల" అని రాస్తే, నాలుకమ్మ ఒప్పుకోలేదు. ఎవరికి ఏమైందో చెప్పకుండా ఇద్దరి నెత్తిన సమంగా రాస్తే, అది మళ్ళీ ఆ విచారణలాగే ఉంటుందంది. "కాస్త ఎక్కువ నీరు" అని రాయమని మేస్త్రి అడిగాడు. "కాస్త ఏమిటి? రెండు బకెట్లని రాయి తల్లీ" అంది నాలుకమ్మ. "బకెట్లు చరిత్రలో బాగోవమ్మా" అంది అమ్మాయి. చివరికి ఇలా నిలిచింది: "కాపులో నీరు ఎక్కువైంది. ఆ రోజు రుచి చూసినావిడ నాలుక వేడి టీకి కాలి ఉన్నందువల్ల ఆ సంగతి పట్టుబడలేదు. కవరు పరీక్ష జరపలేదు." అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది.

"టీ ఎవరు తెచ్చారో రాయాలా?" అని అడిగింది, నవ్వు ఆపుకుంటూ.

"వద్దు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. దేశానికి అంత చరిత్ర అక్కర్లేదు.

నీలం పిట్ట చీటీ మీద స్థితి అన్నచోట "జిగురు అంచున చెదిరింది" అని అమ్మాయి రాసుకుని, పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తర్వాత ఆలోచిస్తానంది. ఇద్దరూ ఆమె తలమీద చెయ్యి పెట్టి, మెట్లు దిగి, బస్సెక్కారు. మేస్త్రి టిక్కెట్లు తీసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. మూడు స్టాపులు దాటినా ఆవిడ పలకలేదు. పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"కోపమా?" అన్నాడు భయంగా.

"కాస్త ఆగండి" అంది నాలుకమ్మ. "నలభై ఏళ్ళది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చూసుకుంటున్నా."